అక్వేరియంలో చేపలు పోతున్నాయా? మందు వేసే ముందు మూడు రోజులు వెనక్కి వెళ్లి చూడండి

మా విజయనగరంలో సిరిమాను పండగ మర్నాడు పొద్దున్నే హాల్లో లైటు వేసేసరికి తొట్టెలో చేపలన్నీ పైనే ఉన్నాయి. మూతులు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. నాలుగు గప్పీలు అప్పటికే చచ్చిపోయి ఫిల్టర్ గొట్టానికి అంటుకుని ఉన్నాయి. నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. ఏదో జబ్బు పట్టుకుందనుకుని షాపుకి పరిగెత్తి, నీలం మందు (మిథిలీన్ బ్లూ) తెచ్చి పోశాను. సాయంత్రానికి ఇంకో ఆరు పోయాయి.

అది జబ్బు కాదు. ముందు రోజు మూడు లాంతర్ల దగ్గర సిరిమాను చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా మా ఇంట్లోనే దిగారు. ఎనిమిది మంది పిల్లలు. "మావయ్యా, నేనూ వేస్తాను" అంటూ తలా ఒక చిటికెడు మేత వేశారు. చేపలు తినగా మిగిలిందంతా రాళ్ల సందుల్లో చేరి రాత్రంతా కుళ్లింది. కుళ్లుతూ నీటిలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేసింది, అమ్మోనియా వదిలింది. ఈ రెండిటికీ నీలం మందు పనికిరాదు.

అప్పటి నుంచి చేపకి ఏమైనా సరే ముందు మందు సీసా ముట్టుకోను. కాగితం మీద గత మూడు రోజుల లెక్క రాసుకుంటాను. నీళ్లు మార్చామా? కొత్త చేప తెచ్చామా? ఫిల్టర్ కడిగామా? కరెంటు పోయిందా? ఇంట్లో దోమల మందు కొట్టామా? ఎవరైనా మేత ఎక్కువ వేశారా? చాలాసార్లు కారణం ఆ కాగితం మీదే దొరుకుతుంది.

చేపలన్నీ పైకొచ్చి గుటకలు వేస్తుంటే

అన్ని చేపలూ ఒకేసారి పైకొస్తే లోపం నీటిలో ఉంది. ఒక్క చేపే వస్తే ఆ చేపకే ఏదో అయింది. ముందు ఈ తేడా చూడండి. ఫైటర్, గౌరామి లాంటివి అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి పీల్చడం వాటి సహజం, దానికి భయపడనక్కర్లేదు.

మన దగ్గర మే నెలలో ఇది ఎక్కువ. 20 డిగ్రీల నీరు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 డిగ్రీలకి వచ్చేసరికి ఏడున్నర మిల్లీగ్రాములే. మేత కుళ్లినా, చేపలు ఎక్కువైనా, రాత్రి కరెంటు పోయి గాలి పంపు ఆగినా ఆ కాస్తా అయిపోతుంది. తొట్టెలో మొక్కలుంటే అవి కూడా రాత్రిపూట ఆక్సిజన్ తీసుకుంటాయి. అందుకే ఈ ఇబ్బంది తెల్లవారుజామునే బయటపడుతుంది.

వెంటనే మూడో వంతు నీళ్లు మార్చండి. అడుగున ఉన్న మేత, రెట్ట సన్నటి పైపుతో లాగేయండి. గాలి పంపు పెంచండి. రెండు రోజులు మేత మానేయండి. ఎండాకాలమైతే నీటి మీదకి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు నేరుగా తొట్టెలో వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. గాలి పెంచినా గుటకలు ఆగకుండా మొప్పలు ఎర్రగా కందిపోయి ఉంటే అది అమ్మోనియా, దాని గురించి కింద కొత్త తొట్టె దగ్గర రాశాను, చూడండి.

మామూలు రోజుల్లో రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. పండగలకి మా ఇంట్లో ఇప్పుడు ఆ రోజు మేత మాత్రం ఒక ఖాళీ అగ్గిపెట్టెలో పోసి పిల్లలకి ఇస్తాను. అది అయిపోతే ఆ రోజుకి అంతే. అసలు డబ్బా బీరువాలో ఉంటుంది.

కొత్త తొట్టెలో వారం పది రోజులకి ఒక్కొక్కటే పోతుంటే

దీనికి అందరూ "చేపలు మంచివి ఇవ్వలేదు" అని షాపువాళ్లని అంటారు. మొదటి తొట్టె పెట్టినప్పుడు నేనూ అలాగే అన్నాను. గాజు తళతళ మెరుస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇంకేం లోపం అనుకున్నాను.

చేప రెట్ట నుంచి, మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. అది కంటికి కనబడదు. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దానితో అంత ప్రమాదం లేదు, వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా అసలు ఉండదు. అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనం మొదటి రోజే పది చేపలు వేస్తాం. అమ్మోనియా రోజురోజుకీ పెరిగి, సరిగ్గా వారం పది రోజులకి చేపలు పోవడం మొదలవుతుంది.

ఇప్పటికే చేపలు వేసేసి ఉంటే మేత రోజు విడిచి రోజు, అదీ కొంచెమే. రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి, అమ్మోనియా తగ్గేదాకా. చుక్కల మందుతో రంగు చూసే టెస్ట్ కిట్ దొరికితే కొనండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. ఇంకా మంచి దారి ఒకటుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరనివ్వకుండా ఆ తొట్టె నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. మా రెండో తొట్టెకి అలాగే చేశాను. ముక్క చూడ్డానికి నల్లగా, జిగటగా, ముట్టుకోబుద్ధి కానట్టు ఉంది. ఆ తొట్టెలో ఒక్క చేప కూడా పోలేదు.

నీళ్లు మార్చిన గంటలో చేపలు వణికి, పక్కకి ఒరిగిపోతుంటే

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన కడుపుని కాపాడే ఆ క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. వానాకాలంలో నీళ్లకి బ్లీచింగ్ వాసన గట్టిగా వచ్చే రోజుల్లో ఇంకా జాగ్రత్త పడాలి. వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా నిలవ ఉంచిన నీళ్లు వాడండి, అందులో గాలి పంపు నడిస్తే మరీ మంచిది. తొందరైతే యాంటీ క్లోరిన్ అని షాపుల్లో దొరుకుతుంది, గింజల రూపంలో ఉంటే అది సోడియం థయోసల్ఫేట్. ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం, బకెట్లోనే కలిపి తర్వాత పోయండి.

క్లోరిన్ కాకపోతే వేడి. మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు ఎంత కాలుతాయో మనకి తెలుసు. పొద్దున్నే పట్టిన నీళ్లు నీడన పెట్టి, ఒక చెయ్యి బకెట్లో, ఒక చెయ్యి తొట్టెలో పెట్టి చూడండి. తేడా తెలియకూడదు. బోరు నీళ్ల నుంచి కుళాయి నీళ్లకి మారేటప్పుడు కూడా ఒకేసారి సగం మార్చేయకుండా కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

మరి నీళ్లు మార్చిన రోజు బాగానే ఉండి, మూడో రోజు గుటకలు మొదలైతే? మూడు రోజుల లెక్క రాయమన్నది ఇందుకే. ఒకసారి నేను ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి, పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ నీళ్లతోనే పోయింది, మిగిలిన దాన్ని క్లోరిన్ చంపింది. రెండు రోజులకి అమ్మోనియా పెరిగింది. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండండి, చాలు. నీళ్లు మార్చిన రోజే ఫిల్టర్ కూడా కడగకండి, ఒక వారం ఎడం ఇవ్వండి. సబ్బు, సర్ఫు, అంట్లు తోమే పీచు తొట్టె దరిదాపులకి రాకూడదు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు

ఇది నిజంగా జబ్బే, మందు కావలసిందే. చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది. మన దగ్గర ఇది చలి రోజుల్లో, అదీ కొత్త చేప తెచ్చిన వారంలో కనబడుతుంది.

ఒకసారి నేను మూడో రోజుకి చుక్కలు పోయాయని మందు ఆపేశాను. అయిదు రోజులకి రెట్టింపు వచ్చాయి. ఈ చుక్కలు తెచ్చేది కంటికి కనబడనంత చిన్న పురుగు. అది చేప చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని తాకలేదు. పెరిగాక చేపని వదిలి అడుగుకి చేరి, వందలుగా విడిపోయి, మళ్లీ చేప కోసం ఈదుతుంది. ఆ ఈదే సమయంలోనే చస్తుంది. చుక్కలు పోయాయంటే అవి అడుగున ఉన్నాయని అర్థం. అందుకే చివరి చుక్క పోయాక కూడా ఇంకో వారం వైద్యం ఆపకూడదు.

నేను వాడేది కల్లుప్పు, లీటరుకి రెండు గ్రాములు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే 45 అనుకోండి, 90 గ్రాముల ఉప్పు. చెంబులో కరిగించి, ఒక రోజులో మూడు విడతలుగా పోయాలి. తర్వాత నీళ్లు మారిస్తే, మార్చిన నీటికి సరిపడా ఉప్పే మళ్లీ కలపాలి. హీటర్‌తో నెమ్మదిగా 30 డిగ్రీలకి తెస్తే పురుగు తొందరగా బయటపడుతుంది, గాలి మాత్రం ఎక్కువ పెట్టాలి. మొక్కలకీ, మీసాల చేపలకీ ఇంత ఉప్పు పడదు. మిథిలీన్ బ్లూ వేయాలనుకుంటే వేరే టబ్బులో వేయండి, అసలు తొట్టెలో వేస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతింటుంది. సిరిమాను మర్నాడు నేను చేసిన రెండో తప్పు అదే.

కొత్త చేపని రెండు వారాలు విడిగా టబ్బులో ఉంచి కలిపితే ఈ బాధ చాలావరకు రాదు.

నిన్నటిదాకా బాగున్నవి ఒక్కసారిగా గిరగిరా తిరిగి, గాజుకి కొట్టుకుంటుంటే

గదిలో ఏం కొట్టారో గుర్తు చేసుకోండి. దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు మనకి పెద్దగా హాని చేయని మోతాదులో కూడా చేపలకి ప్రాణాంతకం. గాలి పంపు గదిలో గాలినంతా పీల్చి నేరుగా నీటిలోకి పంపుతుంది. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినగానే మేం చేసేది: కిటికీలు మూయడం, పంపు ఆపడం, తొట్టె మీద తడి తువ్వాలు కప్పడం. పొగ పూర్తిగా పోయాక పంపు వేస్తాం. పండగ ముందు ఇంటికి రంగులు వేయించినా ఇదే జాగ్రత్త. అప్పటికే చేపలు కొట్టుకుంటుంటే పంపుని మంచి గాలి వచ్చే చోటికి మార్చి, సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (నీటిలోని విషాన్ని పట్టేసే బొగ్గు) పెట్టండి.

తుఫానుకి కరెంటు పోతే

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. మేత పూర్తిగా మానేశాం. పెద్ద చేప వారం రోజులు తినకుండా ఉండగలదు. గంటకోసారి చెంబుతో నీళ్లు ముంచి, అడుగు ఎత్తు నుంచి ఇరవైసార్లు పోసేవాళ్లం. రాత్రి అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. అన్నీ బతికాయి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. అక్కడ మా పిన్ని కొడుకు కూడా ఇలాగే చెంబుతో చేపల్ని కాపాడుకున్నాడు. కరెంటు వచ్చిన సంతోషంలో ఫిల్టర్ స్విచ్ వేశాడు. గంటలో అన్నీ పోయాయి. "అన్నయ్యా, తుఫాను ఆపలేనివి స్విచ్ వేసి చంపుకున్నాను" అని ఫోన్లో ఏడ్చాడు. మూసి ఉన్న ఫిల్టర్ డబ్బాలో నీరు కదలక, లోపలి బ్యాక్టీరియా చచ్చి కుళ్లిపోతుంది. స్విచ్ వేయగానే ఆ మురుగంతా తొట్టెలో పడుతుంది. కరెంటు పోయి కొన్ని గంటలు దాటితే స్పాంజి తీసి తొట్టె నీళ్లలోనే వేసేయండి. కరెంటు వచ్చాక డబ్బా కడిగి, అప్పుడు తగిలించండి. చిన్న గాలి పంపుకి అయిదు వాట్లు కూడా పట్టవు, ఇన్వర్టర్ ఉంటే దానికే కలపండి. లేదా బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఏ కారణమూ దొరకకుండా చేపలు నీరసిస్తుంటే

అలంకారానికి ఏం వేశారో చూడండి. కళింగపట్నం వెళ్లినప్పుడు ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు మా పాప తొట్టెలో పేర్చింది. గవ్వలు సున్నం. మెల్లగా కరిగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెంచుతాయి. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే అమ్మోనియాలో విషం ఉన్న భాగం దాదాపు పది రెట్లవుతుంది. అంటే నిన్నటిదాకా తట్టుకున్న అమ్మోనియానే ఇవాళ చంపుతుంది. ఏ రాయి మీదైనా నాలుగు చుక్కల వెనిగర్ వేయండి, నురగ వస్తే తొట్టెలో పెట్టకండి. మోలీ, గప్పీలకి సున్నం కలిసిన ఈ గట్టి నీళ్లు పరవాలేదు, టెట్రాలకి పడవు.

ఇంకొన్ని

నీళ్లు పచ్చబడితే ఎండ తగులుతోందని. తొట్టెని కిటికీ దగ్గర నుంచి జరపండి, లైటు రోజుకి ఏడెనిమిది గంటలు మించకుండా చూడండి.

గోల్డ్‌ఫిష్ తలకిందులుగా తేలుతుంటే రెండు రోజులు పస్తు పెట్టండి. తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ చిన్న ముక్క వేయండి, మేత నానబెట్టి వేయండి. పొలుసులన్నీ నిక్కబొడుచుకుని ఒళ్లు ఉబ్బితే అది వేరే, దాన్ని విడిగా పెట్టి ప్రయత్నించవచ్చు గానీ చాలావరకు బతకదు.

గాజు నాకుతుందని తెచ్చిన సక్కర్ చేప అడుగు దాటి పెరిగి తొట్టెలో పట్టకపోతే షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవాళ్లకి ఇవ్వండి. పెద్ద చెరువులోనో, చంపావతి నదిలోనో మాత్రం వదలకండి. అది అక్కడ చావదు, గుడ్లు పెట్టి మన చేపల చోటు ఆక్రమిస్తుంది, దాని ముళ్లకి వలలు చిరుగుతాయి. మా దగ్గరున్నది పదిహేను అంగుళాలయ్యాక నాలుగు అడుగుల తొట్టె ఉన్న ఒక మాస్టారికి ఇచ్చాం. మా పాప నెలకోసారి వెళ్లి చూసొస్తుంది.