ఇంటిగ్రల్ కాల్‌క్యులస్ సెమిస్టర్ మొదలయ్యే ముందు

ఇంటర్‌లో చేసేశాం కదా అని మొదటి వారాల క్లాసులు ఎగ్గొట్టకండి. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. ఆప్షన్లు చూసి వెనక్కి లెక్క కట్టే ఎంసెట్ అలవాటు ఇక్కడ చెల్లదు, మార్కులు స్టెప్పులకి. అమీర్‌పేట షార్ట్‌కట్ల ధైర్యంతో వెళ్లి నేను మొదటి ఇంటర్నల్‌లోనే బోల్తా పడ్డాను.

లిమిట్ల మధ్య ఫంక్షన్ ఎక్కడైనా తెగిందేమో చూడండి. 1 బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా గుడ్డిగా చేస్తే మైనస్ 2 వస్తుంది. ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండేదానికి నెగెటివ్ జవాబా? సున్నా దగ్గర అది తెగింది, ఇంటిగ్రల్ డైవర్జెంట్, అంటే దానికి పరిమితమైన విలువే లేదు.

సబ్‌స్టిట్యూషన్ చేసి వేరియబుల్ మార్చాక లిమిట్లు కూడా మార్చండి.

పోలార్‌లోకి (ఎక్స్, వై బదులు దూరం ఆర్, కోణం తీటా) వెళ్తే డీఆర్ డీతీటా పక్కన అదనంగా వచ్చే ఆర్‌ని మరవకండి. వ్యాసార్థం 3 ఉన్న వృత్తానికి వైశాల్యం 9π రావాల్సింది, ఆర్ వదిలేస్తే 6π వస్తుంది. వ్యాసార్థం 2 అయితే మాత్రం మరిచిపోయినా 4π సరిగ్గానే వస్తుంది! కాబట్టి ఆ లెక్కతో సరిచూసుకుని మోసపోకండి.

డబుల్ ఇంటిగ్రల్‌కి ముందు బొమ్మ గీయండి. ఎక్స్, వైలలో ఏది ముందు ఇంటిగ్రేట్ చేయాలనే ఆర్డర్ మార్చాలంటే కొత్త లిమిట్లు ఆ బొమ్మలోంచే వస్తాయి.

పుస్తకం కోఠిలో సెకండ్ హ్యాండ్‌ది చాలు. కొనేముందు వెనక జవాబుల పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడండి, ముందుగా చిరిగిపోయేవి అవే.