పోల్ ఎక్కే మినీబాట్‌కి డిప్లాయ్‌మెంట్ మెకానిజం ఎలా డిజైన్ చేయాలి?

ఎఫ్ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్, హైస్కూల్ పిల్లల టీమ్‌ల రోబో పోటీ)లో 2011 గేమ్ పేరు లోగో మోషన్, అందులో మ్యాచ్ చివరి 10 సెకన్లకి ఒక చిన్న రేసు పెట్టారు. పెద్ద రోబో తన మీద మోసుకొచ్చిన బుల్లి రోబోని, అదే మినీబాట్‌ని, నిలువుగా ఉన్న స్టీల్ పోల్‌కి అప్పగించాలి, అది తనంతట తనే సుమారు 10 అడుగులు ఎక్కి పైనున్న ప్లేట్‌ని గుద్దాలి. మొదట గుద్దితే 30 పాయింట్లు, తర్వాత వాటికి 20, 15, 10. మినీబాట్ 12 అంగుళాల క్యూబ్‌లో పట్టాలి, బరువు 15 పౌండ్లు దాటకూడదు. ఇలాంటిది చేద్దామనుకుంటే ఎవరికైనా ముందు ఎక్కే స్పీడే గుర్తొస్తుంది, కానీ మంచి మినీబాట్ ఒకట్రెండు సెకన్లలో పైకి పోతుంది, కాబట్టి మనం గెలిచేదీ ఓడేదీ చాలాసార్లు పోల్‌కి అప్పగించే ఆ కాస్త టైమ్‌లోనే.

1. ముందు లెక్క వేసుకోండి

మినీబాట్‌ని ఒక ట్రేలో కూర్చోబెట్టి, ఆ ట్రేని పెద్ద రోబోలోంచి పోల్ వైపు తోయడమే మన మెకానిజం. ట్రే 30 సెంటీమీటర్లు బయటికి జరగాలి, ట్రే, మినీబాట్ కలిపి 3 కేజీలు అనుకుందాం. 60 న్యూటన్ల బలంతో తోస్తే 0.17 సెకన్లలో చేరుతుంది, 10 న్యూటన్లతో అయితే 0.42. అంటే పావు సెకను లాభం, బానే ఉంది. కానీ మొదటి కేసులో అది పోల్‌ని సెకనుకి 3.5 మీటర్ల స్పీడ్‌తో గుద్దుతుంది, రెండో దాంట్లో 1.4 మీటర్లతో, గుద్దే శక్తి ఆరు రెట్లు తేడా. అంత గట్టిగా తగిలితే వెనక్కి ఎగిరొస్తుంది, మళ్ళీ పోల్‌కి అతుక్కునేలోపు ఆ పావు సెకను కాస్తా పోతుంది. నన్నడిగితే మధ్యలో ఎక్కడో 20, 25 న్యూటన్ల దగ్గర మొదలెట్టి టెస్ట్ చేస్తూ పెంచుకోండి.

2. ట్రే మూతి ముందు, తోసే బలం తర్వాత

అసలు పని ఇదే. డ్రైవర్ ఎంత మంచోడైనా చివరి సెకన్లలో టెన్షన్‌లో పోల్ ముందుకి కరెక్ట్‌గా వచ్చి ఆగలేడు, ఐదు సెంటీమీటర్లు అటో ఇటో, పైగా కాస్త వంకరగా. ఆ తప్పుని మెకానిజమే మింగాలి. ట్రే ముందు భాగాన్ని ఇంగ్లీష్ వీ అక్షరంలా కోయండి, నోరు కనీసం 12-15 సెంటీమీటర్లు తెరుచుకుని ఉండాలి, లోపలికి పోయేకొద్దీ పోల్ మందం కంటే కొద్దిగా ఎక్కువ వెడల్పు మిగలాలి. గోడలు మరీ అడ్డంగా పెడితే పోల్ జారకుండా అక్కడే ఇరుక్కుంటుంది, ట్రే కదిలే దిశకి 30 నుంచి 45 డిగ్రీల మధ్య చాలు, అంచుకి నున్నటి ప్లాస్టిక్ పట్టీ వేయండి.

ఈ మూతిని మినీబాట్ మీద కాకుండా ట్రే మీదే పెట్టండి, ఎందుకంటే మినీబాట్ మీదున్న ప్రతి గ్రాముని మోటార్లు పైదాకా మోయాలి. ట్రే కింద అటూ ఇటూ రెండు సెంటీమీటర్లు ఊగే ఖాళీ వదిలి రెండు వైపులా మెత్తటి స్ప్రింగులు పెడితే ఇంకా హాయి, పోలే దాన్ని లైన్‌లోకి లాక్కుంటుంది.

3. స్లైడ్, రబ్బర్ ట్యూబ్

స్లైడ్‌కి వంటింటి డ్రాయర్లకి వాడే బాల్ బేరింగ్ చానెల్స్ చాలు. తోయడానికి లేటెక్స్ ట్యూబ్ చవక, న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో తోసే సిలిండర్లు) ఉంటే అది కూడా ఓకే. ఒకటి గుర్తుంచుకోండి, మినీబాట్ పైకెక్కే శక్తి అంతా దాని సొంత బ్యాటరీ, మోటార్ల నుంచే రావాలని ఆ గేమ్ రూల్, కాబట్టి ఈ ట్యూబ్ పని అడ్డంగా తోయడం వరకే, పైకి విసరడం కుదరదు. ట్రే జరిగి ఆగే చోట ఫోమ్ ముక్క పెట్టడం మర్చిపోకండి.

4. లాచ్

లాచ్ అంటే టైమ్ వచ్చేదాకా ట్రేని పట్టి ఉంచే గొళ్ళెం. ఉదాహరణకి 60 న్యూటన్ల లోడ్‌ని ఒక పిన్ ఆపుతుంటే, రాపిడి గుణకం 0.3 అనుకున్నా దాన్ని లాగడానికి 18 న్యూటన్లు కావాలి, చిన్న సర్వో (చెప్పిన కోణానికి తిరిగే బుల్లి మోటార్) ఇక్కడే మొరాయిస్తుంది. పిన్‌కి బదులు చిన్న బేరింగ్ మీద దొర్లే కొక్కెం పెడితే చాలా తేలిగ్గా వదులుతుంది. రెండు నిమిషాల మ్యాచ్‌లో గుద్దుకుంటూ తిరుగుతారు కదా, మినీబాట్ ట్రేలోంచి ఎగిరిపోకుండా పెద్ద రోబో ఫ్రేమ్‌కి ఒక వేలు లాంటి పట్టీ బిగించి మినీబాట్ మీదుగా రానివ్వండి. ట్రే బయటికి జరగ్గానే మినీబాట్ ఆ పట్టీ కిందనుంచి తప్పుకుంటుంది, దీనికి వేరే మోటార్ అక్కర్లేదు. పిట్‌లో (పోటీ దగ్గర టీమ్ రోబోని రిపేర్ చేసుకునే చోటు) పనిచేసేటప్పుడు మాత్రం లాచ్‌తో పాటు ఇంకో సేఫ్టీ పిన్ కచ్చితంగా ఉండాలి, లోడ్ చేసిన ట్రే ముందు ఎవరి మొహమూ ఉండకూడదు.

5. అప్పగించడం

మినీబాట్‌కి అయస్కాంతాలు ఉంటే చివరి సెంటీమీటరు అదే లాక్కుంటుంది. కానీ ట్రే ఇనుముదైతే దానికే అంటుకుని కూర్చుంటుంది, అల్యూమినియమో పాలికార్బొనేటో వాడండి. స్టార్ట్ చేయడానికి ఇంట్లో గోడకుండే మామూలు లైట్ స్విచ్ వాడొచ్చు, 2011లో చాలామంది అదే వాడారు. స్విచ్‌ని పోలే నొక్కేలా పెట్టండి, దారిలోనే చక్రాలు తిప్పేస్తే టైమ్ కలిసొస్తుందనిపిస్తుంది గానీ రూల్‌తో గొడవ. ఇంకో స్విచ్ మినీబాట్ నెత్తిన ఉండాలి, ప్లేట్ తగలగానే మోటార్లు ఆగిపోవాలి, లేకపోతే జామైన మోటార్ నిమిషాల్లో కాలుతుంది.

6. టెస్ట్

అదే మందం స్టీల్ పైపు ఒకటి నిలబెట్టి, నేరుగా కాదు, కావాలని ఐదు సెంటీమీటర్లు పక్కకి, పది డిగ్రీలు వంకరగా పెట్టి వదలండి. ఫోన్ స్లో మోషన్‌లో 240 ఫ్రేముల దగ్గర తీస్తే ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు, లాచ్ వదిలిన ఫ్రేము నుంచి చక్రాలు పట్టుకున్న ఫ్రేము దాకా లెక్కపెడితే టైమ్ ఎక్కడ పోతోందో కళ్ళకి కనబడుతుంది. లేటెక్స్ ట్యూబ్ లాగి ఉంచితే సాగి బలం తగ్గిపోతుంది, కాబట్టి రాత్రి లోడ్ తీసేయండి, పోటీ రోజు పొద్దున కొత్త ముక్క వేసుకోండి.