ఆస్పత్రి రికార్డులతో కేన్సర్ ట్రయల్స్ – 5వ పాఠం: మరణాల ఫైల్లో పేరు లేకపోతే

కేన్సర్ తిరగబెట్టడాన్ని ఆస్పత్రి కోడ్లలో ఎలా పట్టుకోవాలో ఈసారి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన అభ్యాసంలో ఎక్కువమంది మూడో వరుస దగ్గరే దారి తప్పారు. అక్కడ తప్పితే ఆ తర్వాత గీసే ప్రతి గీతా తప్పే.

ఆ వరుస మళ్ళీ చూడండి. అభ్యాసం కోసం కల్పించిన రోగి, ఇంగ్లండ్‌లో ఉంటుంది. ట్రయల్‌లో చేరింది 2019 మార్చి 10న. ఆస్పత్రికి చివరిసారి వచ్చింది 2022 ఫిబ్రవరి 14న. మరణాల ఫైల్లో ఆమెకు వరుసే లేదు. ఫైల్ మన చేతికి వచ్చింది 2023 సెప్టెంబర్ 30న. ఆమెను ఏ తేదీన సెన్సార్ చేయాలి? అంటే, ‘ఈ తేదీదాకా బతికుంది, ఆ తర్వాత తెలియదు’ అని ఏ రోజున లెక్క ఆపాలి?

కొందరు సెప్టెంబర్ 30 అన్నారు, కొందరు ఫిబ్రవరి 14 అన్నారు. రెండూ కావు.

సెప్టెంబర్ 30 ఎందుకు కాదంటే, చనిపోయిన రోజే ఎవరి పేరూ ఫైల్లోకి ఎక్కదు. 2023లో ఇంగ్లండ్‌లో మరణాన్ని మామూలుగా 5 రోజుల్లో రిజిస్టర్ చేయాల్సి ఉండేది. కానీ కరోనర్ (అసహజ మరణాల కారణం తేల్చే అధికారి) విచారణకు వెళ్తే ఆ విచారణ ముగిసేదాకా రిజిస్ట్రేషన్ పూర్తికాదు, దానికి నెలలు పడుతుంది. కేన్సర్‌కీ దీనికీ ఏం సంబంధం అనుకోకండి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా అనే కేన్సర్‌ను వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా చూస్తారు కాబట్టి ఆ మరణాలు కరోనర్ దగ్గరికి వెళ్తాయి. మెసోథీలియోమా ట్రయల్ చేస్తూ ఫైల్ వచ్చిన తేదీదాకా అందరూ బతికున్నారని రాసుకుంటే, అప్పటికే పోయినవాళ్ళను కూడా బతికున్నవాళ్ళ లెక్కలో వేసినట్టే.

ఇక ఫిబ్రవరి 14. ఈ పొరపాటు జాగ్రత్తపరులే చేశారు. ‘ఆ రోజుదాకా బతికుందని ఖాయంగా తెలుసు కదా’ అని రాశారు. నిజమే, కానీ చనిపోయినవాళ్ళు ఆస్పత్రికి వచ్చినా రాకపోయినా మరణాల ఫైల్లో దొరుకుతారు. బతికున్నవాళ్ళను మాత్రం చివరి ఆస్పత్రి రోజున ఆపేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆస్పత్రికి ఎందుకు వస్తారు? ఎంత బాగుంటే అంత తొందరగా లెక్కలోంచి జారిపోతారు. దాంతో మందు ఉన్నదానికన్నా నాసిగా కనిపిస్తుంది. పైగా ఒక గుంపును ఎక్కువసార్లు స్కాన్‌కు పిలుస్తుంటే రెండు గుంపుల మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది.

సరైన తేదీ మూడోది: మరణాల నమోదు ఏ తేదీదాకా నిండిందో ఆ తేదీ. డేటా ఇచ్చేవాళ్ళను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మన ఫైల్‌కు అది 2023 మార్చి 31. ఆమె సెన్సార్ తేదీ అదే.

ఇక్కడే నాకు చిరాకు తెప్పించే తప్పు ఉంది. మార్చి 31 అని సరిగ్గా రాసినవాళ్ళే, జూన్ 2న చనిపోయిన ఏడో వరుసను మరణంగా లెక్కేశారు. ‘ఫైల్లో ఉంది కదా, ఎలా వదిలేస్తాం?’ వదిలేయాలి. నలుగురు ఒకే రోజు ట్రయల్‌లో చేరారనుకోండి. ముగ్గురు బతికున్నారు, వాళ్ళను మార్చి 31న ఆపేశారు. నాలుగో ఆవిడ జూన్ 2న పోయింది, ఆమెను మాత్రం జూన్ దాకా నడిపించారు. జూన్ 2న మీ పట్టికలో మిగిలింది ఆమె ఒక్కతే. ఒక్కరిలో ఒక్కరు పోయారు, కేప్లాన్–మేయర్ గీత (కాలం గడిచేకొద్దీ ఎంత శాతం బతికున్నారో చూపేది) సున్నాకు పడిపోయింది. అవతల ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు! కాబట్టి గడువు అందరికీ ఒకటే. మార్చి 31 తర్వాత జరిగిన మరణం ఫైల్లో ఉన్నా సరే, ఆమెను కూడా మార్చి 31న బతికున్నట్టుగానే సెన్సార్ చేయాలి. రిజిస్ట్రేషన్ తేదీ చూసి కాదు, చనిపోయిన తేదీ చూసి. మార్చి 20న చనిపోయి మే నెలలో రిజిస్టరైన వ్యక్తి మరణం కిందే లెక్క.

ఇదేదో చిన్న ఫైళ్ళ గొడవ అనుకోకండి. బ్రిటన్‌లో అండాశయ కేన్సర్ స్క్రీనింగ్ మీద జరిగిన యూకేసీటాక్స్ ట్రయల్‌లో 2001–2005 మధ్య 2 లక్షల పైచిలుకు మహిళలు చేరారు. అంతమందికి ఏటేటా ఫోన్ చేసి కనుక్కోవడం అయ్యే పని కాదు. జాతీయ కేన్సర్, మరణ రిజిస్టర్లతో కలిపి చూశారు. 2021లో వచ్చిన ఫలితాలకు 2020 జూన్ 30ని గడువుగా పెట్టుకున్నారు. స్క్రీనింగ్‌తో అండాశయ కేన్సర్ మరణాలు తగ్గలేదని తేలింది. అలాంటి నిర్ణయం ఇలాంటి తేదీల మీదే నిలబడుతుంది.

దేశం వదిలి వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. లెస్టర్‌లో ట్రయల్‌లో చేరిన ఒక పెద్దాయన ఆఖరి రోజులు పిల్లల దగ్గర గడపాలని గుంటూరు వచ్చేసి ఇక్కడే కన్నుమూస్తే, ఇంగ్లండ్ రిజిస్టర్‌కు ఆ మరణం అందదు. స్వీడన్, డెన్మార్క్ లాంటి చోట్ల ప్రతి మనిషికీ ఒక నంబరు, వలస తేదీతో సహా జనాభా రిజిస్టర్‌లో ఉంటుంది. ఇంగ్లండ్‌లో అలాంటి రిజిస్టర్ లేదు. ఫ్యామిలీ డాక్టర్ జాబితాలోంచి పేరు తీసేసిన తేదీ దొరికితే అక్కడ సెన్సార్ చేయండి.

ఫైల్ రాగానే నేను మొదట చేసే పని ఒకటుంది. మరణాలను నెలలవారీగా లెక్కపెట్టి బొమ్మ గీస్తాను. ఆఖరి నెలల్లో సంఖ్య దిగజారుతూ ఉంటే అక్కడ నమోదు నిండలేదన్నమాట. డేటా ఇచ్చినవాళ్ళు చెప్పిన తేదీకీ నా బొమ్మకూ పొంతన లేకపోతే రెండింట్లో ముందు వచ్చే తేదీనే తీసుకుంటాను. చనిపోయిన కారణం అనే గడిని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి.

అభ్యాసం: పాత ఫైలే. గడువు ఒకసారి మార్చి 31, ఒకసారి 2022 సెప్టెంబర్ 30 పెట్టి, రెండుసార్లూ సర్వైవల్ పట్టిక చేత్తో వేయండి. రెండో లెక్కలో ఏ మరణాలు సెన్సార్‌గా మారాయో, ఎందుకు మారాయో ఒక్కో వరుసకు ఒక్కో వాక్యం రాయండి. ఫైల్ తెరిచే ముందే మీ సెన్సార్ నియమం కాగితం మీద రాసి, దాని ఫోటో కూడా జత చేయండి. కంప్యూటర్ కోడ్ పంపితే చూడను.