ఇగ్నిషన్ లాక్ మార్చాక ఇంజను ఆగిపోతుంటే

విశాఖ ఉప్పుగాలికి మా కారు ఇగ్నిషన్ లాక్ (తాళంచెవి పెట్టి తిప్పే చోటు) బిగుసుకుపోయింది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి పది నిమిషాలు ఆగాను. స్టీరింగ్ కింద కవరు విప్పి, తాళంచెవిని ఏసీసీలో (ఇంజను నడవకుండా రేడియో లాంటివి పనిచేసే స్థానంలో) ఉంచి పిన్ను నొక్కితే లాక్ సిలిండర్ బయటికొచ్చింది.

అసలు చిక్కు తర్వాతే. కొత్త లాక్‌తో వచ్చిన తాళంచెవితో స్టార్టయిన ఇంజను రెండు సెకన్లకే ఆగింది, మీటరులో తాళంచెవి గుర్తు మినుకుమంది. తాళంచెవిలోని చిప్‌కు బ్యాటరీ ఉండదు; లాక్ చుట్టూ ఉన్న కాయిల్ దానికి శక్తినిచ్చి కోడ్ చదువుతుంది. తెలియని కోడైతే కారులోని కంప్యూటర్ ఇంజన్ని ఆపేస్తుంది.

అందుకే పాత కాయిల్‌నే కొత్త లాక్‌కు బిగించి, పాత తాళంచెవిలోంచి ఆ చిన్న నల్లటి చిప్ పగలకుండా తీసి కొత్తదాన్లో పెట్టాను. కొత్త చిప్ మాత్రం తీసేయాలి, రెండూ పక్కపక్కనుంటే కాయిల్ ఏదీ సరిగా చదవదు. బండి ఆగకుండా నడిచింది. స్పేర్ తాళంచెవి కోడ్‌ను కారులో రిజిస్టర్ చేయించుకోవాలంటే, ఒకటి పనిచేస్తున్నప్పుడే చేయించండి. అన్నీ పోయాక ఖర్చెక్కువ.