పేచీ రాకముందే: ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ పిల్లలతో రోజు నడిపే పద్ధతి

సాయంత్రం ఆరింటికి, చెప్పు మీరు తొడిగారని కిందపడి దొర్లే పిల్లకి నిజానికి చెప్పుతో పేచీ ఏమీ లేదు. మధ్యాహ్నం నిద్ర అరగంటకే చెడిపోయి ఉంటుంది. లేదా నాలుగింటికి కడుపులో పడాల్సింది పడలేదు. లేదా మంచి ఆటలో ఉండగా ఎవరో అమాంతం ఎత్తుకొచ్చేశారు. ఈ వయసు పేచీల్లో ఎక్కువ భాగం ఈ మూడు చోట్లే పుడతాయి. అందుకని పిల్లల్ని సరిచేసే ముందు రోజును సరిచేయాలి. పేచీ వచ్చాక మన చేతిలో ఉండేది కొంచెమే, రాకముందు చేయగలిగింది మాత్రం చాలా ఉంది.

మొదట మూడు రోజులపాటు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: లేచిన వేళ, తిన్న వేళ, పగటి నిద్ర ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, పెద్ద పేచీ ఎన్నింటికి వచ్చింది. జ్వరం ఉన్న రోజులు, ప్రయాణాల రోజులు లెక్కలోకి రావు. మూడో రోజుకల్లా ఒక వరస కనిపిస్తుంది. తిండికి ముందు అరగంటలో వస్తున్నాయంటే తిండి వేళ ముందుకు జరపాలి. పగటి నిద్ర లేచి నాలుగైదు గంటలు దాటాక వస్తున్నాయంటే రాత్రి పడక ముందుకు జరపాలి. స్నానానికి పిలిచినప్పుడో, బయటికి బయల్దేరేటప్పుడో వస్తున్నాయంటే మనం పిలిచే తీరు మార్చాలి.

నిద్ర

ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడేళ్ళ వయసులో 10 నుంచి 13 గంటలు. పగలు రెండుసార్లు పడుకునే పిల్లలు సాధారణంగా 15 నుంచి 18 నెలల మధ్య ఒక్కసారికి మారతారు. పొద్దుటి నిద్రకు పడుకోబెడితే పక్క మీద ఆడుతూ ఉండిపోవడం, లేదా పొద్దున బాగా పడుకుని మధ్యాహ్నం ససేమిరా అనడం ఆ మార్పుకి గుర్తులు. అప్పుడు పొద్దుటి నిద్రను మూడు నాలుగు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ మధ్యాహ్న భోజనం తర్వాతికి తీసుకురండి. ఒక్కరోజులో మానిపిస్తే పదకొండున్నరకే ముద్ద నోట్లో ఉండగా కునికిపాట్లు పడతారు, సాయంత్రమంతా చేతికి చిక్కరు.

మధ్యాహ్నం గంటన్నర, రెండు గంటల నిద్ర చాలామందికి సరిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి పడుకోవాలంటే మూడున్నరకల్లా లేపండి. మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోయిన రోజున రాత్రి పడకను అరగంట, ముప్పావుగంట ముందుకు తెండి. ఇక్కడ చాలా ఇళ్ళలో తిరగబడిన లెక్క ఒకటి నడుస్తుంది: బాగా అలసిపోతే బాగా పడుకుంటారని. నిద్రవేళ దాటిపోతే ఒళ్ళు మెలకువను నిలబెట్టుకోవడానికి హార్మోన్లను విడుదల చేసుకుంటుంది. ఏడున్నరకి కళ్ళు నులుముకున్న పిల్లాడు ఎనిమిదిన్నరకి సోఫా మీంచి దూకుతున్నాడంటే కారణం అదే. నిద్రమత్తు వదిలిందని అనుకోకండి, నిద్రవేళ దాటిపోయింది. అలా దాటాక పడుకున్న పిల్లలు రాత్రి ఎక్కువసార్లు లేస్తారు, తెల్లారకముందే లేచి కూర్చుంటారు.

పడకకు ముందు అరగంట, నలభై నిమిషాలు రోజూ ఒకే వరసలో నడవాలి: పాలు, స్నానం లేదా ఒళ్ళు తుడవడం, రాత్రి బట్టలు, పళ్ళు తోమడం, రెండు పుస్తకాలు, లైటు ఆర్పడం, ఒక పాట. పాలు తాగడం తోమడానికి ముందే అయిపోవాలి. పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదే, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత. ఫోను, టీవీ గంట ముందే ఆపేయాలి.

ఇంకో సంగతి. కళ్ళు మూతలు పడుతుండగా, పూర్తిగా నిద్రలోకి జారకముందే పక్క మీదకు చేర్చండి. పిల్లలు రాత్రి చాలాసార్లు కొద్దిగా మేలుకుంటారు. భుజం మీద నిద్రపోయిన బిడ్డ మేలుకున్న ప్రతిసారీ భుజాన్ని వెతుక్కుంటుంది. భుజం మీద జోకొట్టడంలో తప్పేమీ లేదు, మీకు ఇష్టమైతే కానివ్వండి. కానీ అర్ధరాత్రి లేచి ఏడవడం మొండితనం అని మాత్రం అనుకోవద్దు.

పడుకున్న మొదటి మూడు గంటల్లో ఒక్కసారిగా కేకలు పెట్టి, కళ్ళు తెరిచి ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టకపోతే అది నిద్రలోని భయం. లేపకండి, గట్టిగా పట్టుకోకండి. దెబ్బ తగలకుండా పక్కనే ఉంటే కొన్ని నిమిషాల్లో తనంతట తనే సర్దుకుంటుంది, పొద్దున గుర్తుండదు. తెల్లవారుజామున ఏడుస్తూ లేచి మిమ్మల్ని వెతుక్కుంటే అది పీడకల. అప్పుడు దగ్గరికి తీసుకోవాలి.

తిండి

తల్లుల మనసు ఎక్కువగా నలిగేది ఇక్కడే. మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువుకి మూడింతలైన బిడ్డ, రెండో ఏడాదిలో పెరిగేది రెండు రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించగానే ఆకలీ తగ్గుతుంది. అది జబ్బు కాదు, మీ వంట లోపం అంతకన్నా కాదు. పళ్ళెంలో మనం పెట్టేది మన కంటికి సరిపోయేలా పెడుతున్నామా, వాళ్ళ కడుపుకి సరిపోయేలా పెడుతున్నామా అని చూసుకోవాలి. వయసు ఎన్నేళ్ళో అన్ని పెద్ద చెంచాలు, ఒక్కో పదార్థానికి. రెండేళ్ళ పిల్లకి కూర రెండు చెంచాలతో మొదలుపెట్టండి. అడిగితే మళ్ళీ పెట్టొచ్చు.

రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్ళు, రెండున్నర మూడు గంటల ఎడం. ఆ ఎడంలో నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు కూర్చోనిచ్చి, మిగిలినా సరే, మొహం మాడ్చుకోకుండా పళ్ళెం తీసేయండి. ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందంటే, అరగంట తర్వాత "పాపం ఏమీ తినలేదు" అని ఎవరో ఒక బిస్కెట్టు చేతిలో పెడతారు. దాంతో తర్వాతి భోజనానికీ ఆకలి ఉండదు, ఆ సాయంత్రం పేచీ తప్పదు. వెంటపడి తినిపించడం, ఫోను చూపిస్తూ నోట్లో కుక్కడం కూడా కడుపు నిండిందో లేదో తెలుసుకునే నేర్పును దెబ్బతీస్తాయి.

పాలు రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటనివ్వకండి. అంతకు మించితే ఆకలి చచ్చిపోతుంది, పైగా ఆవుపాలలో ఇనుము చాలా తక్కువ. ఏమీ తినడం లేదని ఇంకో గ్లాసు పాలు పట్టించడం, పాలు తాగి ఇంకా తినకపోవడం, ఈ సుడిలో పడిన పిల్లలకు రక్తహీనత వస్తుంది. గుడ్డు, మాంసం, పప్పులు, ఆకుకూరలు రోజులో ఏదో ఒక పూట ఉండాలి. పప్పు, ఆకుకూరల పక్కన పుల్లటి పండు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కొత్త పదార్థాన్ని తెలిసిన పదార్థం పక్కన గోరంత పెట్టి ఊరుకోండి. పది, పదిహేనుసార్లు కనబడ్డాక గాని కొందరు నోట్లో పెట్టుకోరు. రెండుసార్లు ఉమ్మేయగానే "వీడికిది పడదు" అని తేల్చేయకండి.

గొంతుకు అడ్డుపడేవి నాలుగేళ్ళ దాకా గుర్తుంచుకోవాలి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి, గింజపప్పులు పొడి చేసే పెట్టాలి, గట్టి మిఠాయి బిళ్ళలు, పాప్‌కార్న్ అసలు వద్దు. తినేది కూర్చునే తినాలి.

పిలిచే తీరు

"ఇంకా అయిదు నిమిషాలే" అంటే రెండేళ్ళ పిల్లకి ఏమీ అర్థం కాదు. "ఇంకో మూడుసార్లు జారి ఇంటికి వెళ్దాం" అంటే అర్థమవుతుంది. దూరం నుంచి కేకేయకుండా దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, భుజం తాకి చెప్పండి. చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి. విన్న మాట పనిలోకి రావడానికి వాళ్ళకు అంత సమయం పడుతుంది. మనం రెండో సెకనుకే మళ్ళీ చెప్పి, మూడోసారి గొంతు పెంచేస్తాం.

"వద్దు" అనే జవాబును ఒప్పుకోలేని చోట ప్రశ్న అడగకూడదు. "స్నానం చేద్దామా?" అని అడిగి, వద్దంటే కోప్పడటం అన్యాయం. "స్నానానికి వెళ్తున్నాం. నడుస్తావా, ఎత్తుకోనా?" అనండి. రెండింటిలో ఒకటి ఎంచుకునే అవకాశం ఇవ్వాలి, రెండూ మనకు సమ్మతమైనవే అయ్యుండాలి. "పరిగెత్తకు" బదులు "నా చెయ్యి పట్టుకుని నడువు" అని చెప్పండి. ఏం మానాలో విని, దాని బదులు ఏం చేయాలో తనే ఊహించుకోవడం ఈ వయసుకు పెద్ద పని. బయల్దేరేటప్పుడు చెప్పులకే పది నిమిషాలు కేటాయించుకుంటే సగం కేకలు తగ్గిపోతాయి.

అయినా పేచీ వస్తే

వస్తుంది. ఎంత చక్కగా నడిపిన రోజునైనా వస్తుంది. ఆకలితోనో నిద్రతోనో వచ్చిందని అనిపిస్తే తిండి పెట్టండి, పడుకోబెట్టండి. అది లొంగిపోవడం కాదు. కాదన్నది కావాలని వచ్చిన పేచీ అయితే, ముందు తల తగిలే వస్తువులు జరిపి పక్కన కూర్చోండి. ఒకే ఒక్క వాక్యం చెప్పండి: "కత్తి కావాలన్నావు, ఇవ్వలేదని కోపం వచ్చింది." తర్వాత మాట్లాడకండి. ఆవేశాన్ని అదుపుచేసే మెదడు భాగం ఇంకా చాలా ఏళ్ళు పెరగాలి, ఆ ఏడుపులో నీతులు చెవికెక్కవు. కొందరు ఎత్తుకుంటే ఊరుకుంటారు, కొందరు ముట్టుకుంటే ఇంకా రెచ్చిపోతారు. చెయ్యి చాపి ఆగండి, వస్తే తీసుకోండి. చాలా పేచీలు అయిదు నిమిషాల్లో వాటంతటవే చల్లారతాయి.

ఇవ్వదలచుకున్నదైతే అడిగిన మొదటిసారే ఇచ్చేయండి. కాదని, పదినిమిషాలు ఏడ్చాక ఇస్తే, దాని ఖరీదు పదినిమిషాల ఏడుపని మనమే నేర్పినట్టు. చల్లారాక మంచినీళ్ళు, ఒక కౌగిలి, ఆపై వేరే పని. జరిగింది మళ్ళీ తవ్వొద్దు. కొట్టబోతే చెయ్యి మెత్తగా పట్టుకుని "కొట్టనివ్వను" అనండి. కొరికితే ముందు కొరికించుకున్న బిడ్డను చూడండి, కొరికినవాళ్ళ వైపు తర్వాత.

ఏడుస్తూ ఊపిరి బిగపట్టి నీలంగానో, పాలిపోయినట్టో అయిపోయే పిల్లలు కొందరుంటారు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కుదపకండి, నోట్లో ఏమీ పెట్టకండి. సాధారణంగా నిమిషంలోపే ఊపిరి తీసుకుంటారు. అంతకు మించి ఆగితే వెంటనే అత్యవసర సాయం పిలవాలి. మొదటిసారి వచ్చినప్పుడు తప్పకుండా డాక్టరుకు చూపించాలి. ఇనుము లోపం ఉంటే ఇవి ఎక్కువగా వస్తాయి, రక్తపరీక్ష అడగండి.

చేతికందే ఎత్తు

వద్దు, వద్దు అని రోజుకు ఎన్నిసార్లు అంటున్నామో, ఆ మాట అంత పలచబడుతుంది. మోకాళ్ళ మీద ఇల్లంతా తిరిగి, అందకూడనివి పైకెత్తేయండి. అన్నిటికన్నా ముందు బటన్ బ్యాటరీలు, అంటే బొత్తాంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు. రిమోటులో, ఆటబొమ్మల్లో స్క్రూ మూత ఉందో లేదో చూడండి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. బక్కెట్లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నా ప్రాణం పోతుంది, వాడగానే ఒంపేసి బోర్లించండి. స్నానానికి చన్నీళ్ళు పోశాకే వేడినీళ్ళు కలపండి. బీరువాలు, సొరుగుల బల్లలు గోడకు బిగించండి.

ఇంటిపనిలో కలుపుకుంటే పేచీలు తగ్గుతాయి, మాటలూ పెరుగుతాయి. రెండేళ్ళ పిల్లలు మేజోళ్ళ జతలు కలపగలరు, చెంచాలు సర్దగలరు, తడిగుడ్డతో బల్ల తుడవగలరు. రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి రోజుకు ఒక్క పని ఎంచుకుంటే చాలు. తెర ముందు కూర్చోబెట్టడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది పిల్లలకు అసలు వద్దు, రెండేళ్ళు వచ్చాక గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది.

మరుగుదొడ్డి అలవాటుకు తొందరపడకండి. రెండు గంటలు బట్ట తడవకుండా ఉండటం, నిక్కరు తనే కిందికి లాక్కోవడం, వస్తోందని చెప్పడం, ఈ మూడూ కుదిరాక మొదలుపెట్టండి. దొడ్డికి గట్టిగా వచ్చి ఒకసారి నొప్పి పుడితే పిల్లలు బిగపడతారు. ముందు మలబద్ధకం తగ్గించి, ఆ తర్వాతే పీట మీద కూర్చోబెట్టాలి.

ఇంట్లోవాళ్ళు

నాన్న, అమ్మమ్మ, తాతయ్య, అందరూ ప్రతిదానికీ ఒకే మాట మీద ఉండాలంటే అయ్యే పని కాదు. నాలుగు విషయాలకే ఒప్పందం చేసుకోండి: నిద్రవేళ, తిండి మధ్య ఎడం, రోడ్డు మీద చెయ్యి వదలకపోవడం, కొట్టనివ్వకపోవడం. మిగతావి ఎవరి తీరు వాళ్ళది. తాతయ్య కథ రెండుసార్లు చెబితే కొంపలేమీ మునగవు.

పని పంచుకునేటప్పుడు సాయం అడగకండి, పని మొత్తం అప్పజెప్పండి. రాత్రి పడుకోబెట్టడం నాన్న పని అయితే, పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవడం, రేపటి రాత్రికి బట్టలు ఉతికి ఉన్నాయా అని చూసుకోవడం కూడా అందులో భాగమే. మొదటి వారం "అమ్మే కావాలి" అని ఏడుస్తారు. అయిదో నిమిషానికి అమ్మ తలుపు తోసుకుని లోపలికి వస్తే మర్నాడు ఆ ఏడుపు ఇంకా పొడుగవుతుంది. ఆ వారమంతా ఆ వేళకు వేరే గదికో, ఇంటి బయటికో వెళ్ళిపోవడం మేలు. అలా దొరికిన గంటలో గిన్నెలు కడగకండి, ముందు మీ నిద్ర బాకీ తీర్చుకోండి.