నడక మొదలుపెట్టాక మడమ నొప్పి: బూట్లు మార్చే ముందు ఇంటి నేలను చూడండి

లక్షణం

జబ్బు నుంచి కోలుకుంటూ, డాక్టరు సలహా మేరకు బెంగళూరు లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో నడక మొదలుపెట్టినవారిలో కొందరికి కొన్ని వారాలకు మడమ కింద నొప్పి వస్తుంది. దాని తీరు ఇంచుమించు అందరిలోనూ ఒకటే. ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగుకు మడమలో మేకు దిగినట్లుంటుంది, కొన్ని అడుగులు వేశాక తగ్గుతుంది, చాలాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలవుతుంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగే ప్లాంటార్ ఫాసియా అనే గట్టి పట్టీ మీద, అది ఓర్చుకోగలిగినదానికంటే ఎక్కువ భారం పడుతోందని దీని అర్థం. మీ నొప్పి ఈ తీరులో లేకపోతే నేరుగా చివరి భాగం చదవండి.

ముందు చూడవలసినవి

నడిచే సమయాన్ని ఒక్కసారిగా పెంచి ఉంటే పాత స్థాయికి తగ్గించండి. లాల్‌బాగ్ బండ ఎక్కడం కొత్తగా చేర్చి ఉంటే కొంతకాలం చదునైన దారికే పరిమితం కండి, ఎందుకంటే ఎత్తు ఎక్కేటప్పుడు పిక్కలు సాగి ఆ పట్టీని మరింత లాగుతాయి. బూటు అడుగు ఒకవైపు అరిగి ఉంటే మార్చండి. ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగిందని తేలితే కంగారు పడనక్కరలేదు; నొప్పి ఏమాత్రం లేనివారిలోనూ అది తరచుగా కనిపిస్తుంది.

ఎవరూ చూడని కారణం

ఇవన్నీ సరిచేసినా నొప్పి తగ్గలేదంటే, నేను మొదట అడిగేది ఇంట్లో కాళ్లకు ఏం వేసుకుంటారని. దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు "ఇంట్లో చెప్పులేమిటండీ?" అని.

పార్కు నుంచి వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పిన క్షణం నుంచి రాత్రి పడుకునేదాకా, మన అపార్ట్‌మెంట్లలో ఒట్టి కాళ్లు తగిలేది గ్రానైట్‌కో విట్రిఫైడ్ టైల్స్‌కో. పాత బెంగళూరు ఇళ్లలోని రెడ్ ఆక్సైడ్ నేల చూపుకు చల్లగా ఉన్నా గట్టిదనంలో ఏమీ తీసిపోదు. ముప్పావు గంట నడకకు ఖరీదైన మెత్తని బూట్లు వాడి, వంటగట్టు ముందు నిలబడే గంటలకూ, బాల్కనీకీ వంటింటికీ మధ్య రోజంతా తిరిగే తిరుగుడుకూ ఏ రక్షణా లేకుండా వదిలేస్తాం. ఆ అడుగులు ఏ లెక్కలోకీ రావు, ఎందుకంటే ఆ సమయంలో ఫోను చార్జింగులో ఉంటుంది. ఫోను చూపించే అడుగులన్నీ పార్కువే కనుక నింద కూడా పార్కు మీదే పడుతుంది.

నొప్పి ఆలస్యంగా బయటపడటం కూడా మనల్ని మోసం చేస్తుంది. ఆదివారం చుట్టాలు వచ్చారని నడక మానేసి, పొద్దంతా వంటింట్లో నిలబడినవారికి సోమవారం ఉదయం మడమ మరింత పోటు పెడుతుంది. నడవకపోయినా నొప్పి వచ్చింది కాబట్టి విశ్రాంతి పడలేదని కొందరు నడక పెంచుతారు; ఇక తగ్గదని విసిగి మరికొందరు నడకే మానేస్తారు. రెండోవారి పరిస్థితి మరీ విచారకరం, ఎందుకంటే కష్టపడి తిరిగి తెచ్చుకున్న కాలి బలం అంతా జారిపోతుంది.

ఊళ్లో చెప్పుల్లేకుండానే పొలం గట్ల మీద తిరిగాం కదా అని పెద్దవాళ్లు అడుగుతారు. నిజమే, ఒట్టి కాళ్లతో తిరగడం తప్పేమీ కాదు. అయితే ఆ కాళ్లు రోజూ మట్టి మీద నడిచి గట్టిపడ్డవి, ఇవి నెలల తరబడి మంచానికి అలవాటుపడి పిక్కలు బిగుసుకుపోయినవి. బలం వచ్చాక మెల్లగా చెప్పులు మానుకోవచ్చు.

అనుమానం తీర్చుకోవడం సులువు. ఒక వారం నడకలో ఏ మార్పూ చేయకుండా, ఇంట్లో మాత్రం మంచం దిగే మొదటి అడుగు నుంచే మెత్తని చెప్పులు వేసుకోండి. ఉదయపు నొప్పి తగ్గుముఖం పడితే కారణం దొరికినట్లే.

పరిష్కారం

ఇంటికోసం విడిగా ఒక జత కొని, వాటితో గడప దాటకండి. అప్పుడు ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. అరిగి పలచబడ్డ హవాయి చెప్పులు పనికిరావు. మడమ దగ్గర మందంగా, అరికాలి వంపుకు ఆసరాగా, అడుగు జారకుండా ఉన్నవి ఎంచుకోండి. జబ్బుపడి లేచినవారికి పట్టు తక్కువగా ఉంటుంది కనుక జారడం మడమ నొప్పికంటే పెద్ద ప్రమాదం. చెప్పులు ఉండవలసిన చోటు మంచం పక్కన. దేవుడి గదిలో విప్పే ఆ కాసేపటికి ఏమీ కాదు. మడి పాటించేవారు వంటగట్టు ముందు జారని మందపాటి రబ్బరు చాప వేసుకోవచ్చు.

కాలు నేలకు ఆనించకముందే, మంచం మీద కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను వెనక్కి, మోకాలి కింది ముందు ఎముక వైపు లాగి 10 సెకన్లు ఉంచండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 విడతలు. చాలామంది దీన్ని వ్యాయామ సమయంలో చేస్తారు, అప్పటికే మొదటి అడుగు పడిపోయి ఉంటుంది.

నొప్పి కాస్త తగ్గాక, మెట్టు అంచున వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని, 3 సెకన్లలో మడమలు ఎత్తి, 2 సెకన్లు నిలిపి, 3 సెకన్లలో దించండి. మొదట రెండు కాళ్లతో కలిపి, బలం వచ్చాక ఒక్కో కాలితో, 12 సార్ల చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు చేస్తే చాలు. పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. చాలామందికి ఏడాదిలోపు తగ్గిపోతుంది.

అరుదైనవి

మడమను రెండు పక్కల నుంచి నొక్కితే భరించలేని నొప్పి ఉండి, నడిచేకొద్దీ పెరుగుతుంటే ఎముకలో సన్నని పగులు కావచ్చు. మంట, తిమ్మిరి ఉంటే నరం ఒత్తిడి కావచ్చు. రెండు మడమలతో పాటు ఉదయం నడుము కూడా చాలాసేపు బిగుసుకుంటే కీళ్లవాతం పరీక్ష అవసరం. ఇవేవీ ఇంట్లో తేలేవి కావు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. మధుమేహం వల్ల అరికాలికి స్పర్శ తగ్గినవారు మాత్రం పైన చెప్పిన వ్యాయామాలు మొదలుపెట్టేముందే డాక్టరును అడగాలి, కొత్త చెప్పులు ఎక్కడైనా ఒరుసుకున్నాయేమో రోజూ చూసుకోవాలి.