ఓరో ప్రెటోను సరిగ్గా చూడాలంటే ఏ వాలు ముందు దిగాలి?

బ్రెజిల్ వెళ్లే మనవాళ్లలో చాలామంది రియో చూసుకుని, టైముంటే బెలో హొరిజోంటె నుంచి పొద్దున బస్సెక్కి ఓరో ప్రెటో వెళ్తారు. మధ్య కూడలిలో ఫొటోలు దిగి, ఒక చర్చి చూసి, సాయంత్రానికి మోకాళ్లు పట్టుకుని తిరిగొచ్చేస్తారు. బ్రెజిల్‌లో అన్నిటికంటే ముందు, 1980లో, యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఊరది. పగటిపూట గబగబా తిరిగితే అక్కడ ఏమీ అర్థం కాదు. రెండు రాత్రులు ఉండండి, అంతకు తగ్గితే వెళ్లకండి.

1. బయలుదేరే ముందు

వీసా సంగతి సరే, ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. బ్రెజిల్ నుంచి ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. అడుగున పట్టు ఉన్న బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. ఊరు వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి జూన్, జూలైలో స్వెటర్ తప్పనిసరి.

2. చేరుకోవడం, బస

బెలో హొరిజోంటె నుంచి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. గది ఊరి మధ్యనున్న తిరాదెంతిస్ కూడలికి దగ్గర్లోనే తీసుకోండి. లోయలో చవగ్గా దొరికిందని తీసుకుంటే రోజూ రాత్రి భోజనం చేశాక కొండెక్కాలి. సోమవారం చేరకండి, చాలా మ్యూజియాలు, చర్చిలు ఆ రోజు మూసి ఉంటాయి.

3. అసలు కష్టమంతా ఇక్కడే: నడక వరస

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఫోన్లో మ్యాప్ తెరిచి, దగ్గరగా కనిపించిన చర్చిలన్నీ ఒక గీతలో కలిపేసుకుంటారు. మ్యాప్ దూరం చూపిస్తుంది కానీ నిటారు వాలు చూపించదు. అయిదు నిమిషాల దారి అనుకున్నది ఎక్కేసరికి ఆయాసం వచ్చి, మూడో చర్చి దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం మూసేసి ఉంటుంది.

ఊరి చరిత్ర తెలిస్తే దారి దానంతటదే తెలుస్తుంది. 17వ శతాబ్దం చివర్లో ఇక్కడి వాగుల్లో ముదురు రంగు పూత పట్టిన బంగారు గింజలు దొరికాయి. కొండకు ఒకవైపు ఆంతోనియో డియస్, మరోవైపు పిలార్ అని వేర్వేరు గుడారాలు వెలిశాయి, 1711లో వాటిని కలిపి విలా రికా పట్టణం చేశారు, అదే ఇప్పటి ఓరో ప్రెటో. ఇప్పటి కూడలి ఉన్నది ఆ రెంటి మధ్య గట్టు మీదే. అందుకే రెండు పెద్ద చర్చిలు, రెండు లోయలు. మీరు కూడా దీన్ని రెండు ఊళ్లుగానే చూడాలి: ఒక్కో రోజు ఒక్కో వాలు దిగి మళ్లీ కూడలికి రండి. రెండు లోయలూ ఒకే రోజు దిగొద్దు.

మొదటి రోజు పిలార్ వైపు. కిందికి దిగుతూ కాజా దోస్ కోంతోస్ చూడండి. పన్నుల బంగారం లెక్కలు చూసిన భవనమది, నేలమాళిగలో బానిసలను ఉంచిన గదులు. ఆ గదుల్లోకి వెళ్లకుండా పైన మేడ మాత్రమే చూసి వచ్చేస్తే ఈ ఊరిని సగమే చూసినట్టు. గనుల్లో దిగి బంగారం తీసింది ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులు, అందులో అయిదో వంతు పోర్చుగల్ రాజుకు పోయేది. ఆ తర్వాత పిలార్ చర్చికి వెళ్తే లోపలి బంగారు పూత ఎవరి చెమటో తెలుస్తుంది, అందుకే ఈ వరసలోనే వెళ్లమంటున్నా. ఓపికుంటే నల్లజాతి సంఘం కట్టుకున్న గుండ్రటి గోడల రొజారియో చర్చి కూడా చూడండి. తిరుగు దారిలో టాక్సీ ఎక్కండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

రెండో రోజు తూర్పు వాలు. ముందు సావో ఫ్రాన్సిస్కో దె అసిస్, 1766లో మొదలైన చర్చి. బయట మెత్తటి సబ్బురాయితో చెక్కిన ద్వారం అలేజాదిన్యో అనే శిల్పి పని. తండ్రి భవనాలు కట్టించే పోర్చుగీసు వాస్తుశిల్పి, తల్లి బానిస. జబ్బుతో చేతులు వంకరపోయాక కూడా ఉలి కట్టించుకుని చెక్కాడని చెబుతారు. టికెట్ కొనగానే లోపలికి పరిగెత్తకండి, ద్వారం ముందు పావుగంట నిలబడండి. లోపల పైకప్పు మీద చిత్రకారుడు అతాయిదే వేసిన మేరీమాత మొహం యూరప్ మొహం కాదు, ఇక్కడి మిశ్రమ జాతి స్త్రీ మొహం. ఇంకా దిగితే ఆంతోనియో డియస్ పెద్ద చర్చి, 1814లో చనిపోయిన అలేజాదిన్యో సమాధి అందులోనే.

వాన పడితే మాత్రం ఈ వరసంతా ఆపేయండి. అక్టోబరు నుంచి మార్చి దాకా వానలెక్కువ, వందల ఏళ్లుగా అరిగిన రాళ్ల మీద నీళ్లు పడితే నూనె పోసినట్టే ఉంటుంది. దిగేటప్పుడు తిన్నగా కాకుండా అడ్డంగా అటూ ఇటూ నడవండి, పాదం పూర్తిగా ఆనించండి, గోడ వైపే ఉండండి. సందులు ఇరుకు, కార్లు వస్తూనే ఉంటాయి, నడుస్తూ ఫోన్ చూడొద్దు. చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వాలు దిగడం అసలే వద్దు.

4. వానొస్తే కూడలిలోనే

పాత జైలు భవనంలోని ఇన్‌కాన్ఫిదెన్సియా మ్యూజియానికి వెళ్లండి. బంగారం తగ్గినా పన్ను తగ్గక 1789లో ఇక్కడ పోర్చుగల్ మీద కుట్ర జరిగింది. అందులో ఉరి తీసింది ఒక్కరినే, పళ్ల వైద్యం కూడా చేసే చిన్న సైనికాధికారి తిరాదెంతిస్‌ని, 1792 ఏప్రిల్ 21న రియోలో. తల తెచ్చి ఈ ఊళ్లో ప్రదర్శించారు. ఇప్పుడు ఆ తేదీ దేశమంతా సెలవు. కూడలికి అవతలి పక్క పాత గవర్నర్ల భవనంలో, 1876లో మొదలైన గనుల కళాశాల వాళ్ల ఖనిజాల మ్యూజియం ఉంది, పిల్లలుంటే అదే ముందు. 1897లో మినాస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని ఇక్కడి నుంచి బెలో హొరిజోంటెకు మారడం వల్లే పాత ఇళ్లు కూల్చకుండా మిగిలాయని నా నమ్మకం.

5. తిండి

శాకాహారులు ‘సెం కార్ని’ (మాంసం లేకుండా) అని ముందే చెప్పండి, బీన్స్ వంటకాల్లో పంది మాంసం మామూలు. ‘అంగు’ అడగండి, మొక్కజొన్న పిండితో మన సంకటిలా ఉంటుంది. పక్కన ‘కోవె’ ఆకు వేపుడు, అన్నం. చీజ్‌తో చేసే పావు దె కేజు వేడిగా ఉన్నప్పుడే తినాలి.

6. ఇంకో రోజు ఉంటే

పక్క ఊరు మరియానాకు వెళ్లే దారిలో పాసాజెం బంగారు గనిలోకి ట్రాలీలో దిగొచ్చు. నేనైతే కొంగొన్యాస్ అనే ఊరికే ఓటేస్తా, అలేజాదిన్యో చివరి ఏళ్లలో చెక్కిన 12 మంది ప్రవక్తల సబ్బురాయి విగ్రహాలు అక్కడ ఆరుబయటే ఉన్నాయి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, దారులు వేరు.